పాల గదిలో కరెంటు పని ఎవరు చేయాలి?

మన సంఘాలలో కొత్త కూలరు వచ్చినా, పాత వైరింగు కాలినా ఊళ్ళో బోరు మోటార్లు బిగించే అబ్బాయిని పిలవటం వాడుక. అతను పనిమంతుడే కావచ్చు. చట్టం అడిగేది వేరు. 1956 నాటి విద్యుత్ నిబంధనలలో చెప్పినదే కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2023లో జారీ చేసిన భద్రతా నిబంధనలలోనూ ఉన్నది: లైసెన్సు గల కాంట్రాక్టరు పని ఒప్పుకోవాలి, యోగ్యతా పత్రం గల సూపర్‌వైజరు దగ్గరుండి చూడాలి, పర్మిట్ గల వైర్‌మన్ పని చేయాలి. బల్బు, ఫ్యూజు, స్విచ్చి మార్చటానికి ఇంత అక్కరలేదు.

"ఐ.టి.ఐ.లో రెండేండ్లు ఎలక్ట్రీషియన్ చదివినాడు గదా సార్" అని కొందరు అధ్యక్షులు అంటారు. ఆ సర్టిఫికెట్టు చదువుకు గుర్తు. పని చేసే అధికారం రాష్ట్ర విద్యుత్ లైసెన్సింగ్ బోర్డు ఇచ్చే పర్మిటుతోనే వస్తుంది.

పాల గది మామూలు గది కాదు. నేల ఎప్పుడూ తడి, తొట్టి స్టీలు, పాలు పరీక్షించే వారి చేతులు తడి, కాళ్ళకు చెప్పులుండవు. పైగా కర్నూలు, కడప జిల్లాలలో ఎండాకాలం వస్తే ఎర్తు గుంట ఎండిపోతుంది. ఎండిన మట్టిలోకి కరెంటు సరిగా దిగదు. ఫ్యూజు పోదు, తొట్టికి మాత్రం షాకు నిలిచి ఉంటుంది. గుంటలో నీళ్ళు పోయటం మనమే చేసుకోవచ్చు. ఎర్తు నిరోధం మీటరుతో కొలిచి రిపోర్టు ఇవ్వవలసినది కాంట్రాక్టరు.

బిల్లు చెల్లించే ముందు లైసెన్సు, పర్మిట్ నంబర్లు, గడువు తేదీలు మినిట్స్ పుస్తకంలో వ్రాయించండి. తనిఖీకి వచ్చినప్పుడు నేను మొదట అడిగేది ఆ పేజీయే.