నెగెటివ్ వచ్చింది సరే, డ్యూటీకి వెళ్లొచ్చా?

కోవిడ్ తగ్గాక ఉద్యోగానికి ఎప్పుడు వెళ్లాలో చాలామంది జ్వరాన్ని బట్టే తేల్చుకుంటారు. జ్వరం దిగింది, దగ్గు తగ్గింది, రిపోర్టు నెగెటివ్, ఇంకా సెలవులు ఖర్చు చేయడం దేనికని బయల్దేరతారు. జ్వరం వరకు ఆ లెక్క సరిపోతుంది. రక్తం లెక్క వేరు. వైరస్ పోయాక కూడా కొన్ని వారాలు, నెలలపాటు రక్తానికి గడ్డకట్టే గుణం ఎక్కువగానే ఉంటుంది. అలా కట్టిన గడ్డ ఊపిరితిత్తుల రక్తనాళానికి అడ్డుపడితే దాన్ని పల్మనరీ ఎంబాలిజం అంటారు. ప్రాణం మీదికి తెచ్చే జబ్బు అది.

ఈ ముప్పు ఎంతకాలం ఉంటుందన్నదానికి స్వీడన్‌లో మంచి ఆధారం దొరికింది. 2020 ఫిబ్రవరి నుంచి 2021 మే దాకా అక్కడ కోవిడ్ వచ్చిన 10 లక్షల మందికి పైగా రికార్డులను, రానివారు 40 లక్షల మంది రికార్డులతో పోల్చి చూశారు. కాళ్ల సిరల్లో గడ్డకట్టే ముప్పు మూడు నెలల దాకా, ఊపిరితిత్తుల్లో గడ్డ ముప్పు ఆరు నెలల దాకా మామూలుకన్నా ఎక్కువగా ఉందని 2022లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ప్రకటించారు. మొదటి నెల అన్నిటికన్నా గడ్డు కాలం. అలాగని బెంబేలు పడక్కర్లేదు. ఆ మొదటి నెలలో ఊపిరితిత్తుల్లో గడ్డ చేరింది వెయ్యిమందిలో ఇద్దరికన్నా తక్కువ మందికే. ఆస్పత్రిలో చేరేంత జబ్బు పడ్డవారికి ముప్పు ఎక్కువ, ఇంట్లోనే తగ్గినవారికి తక్కువ. టీకాలు వేసుకున్నవారికి ఇంకా తగ్గింది. కోవిషీల్డ్ వల్ల గడ్డలు కట్టాయన్న వార్తలు 2024లో చాలామందిని కలవరపెట్టాయి. అది నిజంగా ఉన్న సమస్యే గానీ బహు అరుదు, డోసు వేసుకున్న కొద్ది వారాల్లోనే బయటపడుతుంది. ఎప్పుడో వేయించుకున్న డోసు గురించి ఇప్పుడు దిగులు పడడంలో అర్థం లేదు.

మామూలుగా ఈ గడ్డ పిక్కల లోపలి సిరల్లో పుడుతుంది. అక్కడి నుంచి ఊడి, గుండె కుడి భాగం గుండా ఊపిరితిత్తుల్లోకి పోతుంది. కోవిడ్‌లో రక్తనాళాల లోపలి పొర వాచిపోతుంది కాబట్టి ఊపిరితిత్తుల్లోనే నేరుగా కూడా గడ్డలు కడతాయి. కోవిడ్‌తో చనిపోయిన ఏడుగురి ఊపిరితిత్తులను, ఫ్లూతో చనిపోయిన ఏడుగురి ఊపిరితిత్తులతో పోల్చి చూస్తే, సన్నటి రక్తకేశనాళికల్లో గడ్డలు కోవిడ్ వారిలో తొమ్మిది రెట్లు కనిపించాయి. నెదర్లాండ్స్‌లో 2020లో ఐసీయూలో ఉన్న 184 మంది కోవిడ్ రోగులను గమనిస్తే 31 శాతం మందికి గడ్డల సమస్య వచ్చింది, అందులో ఎక్కువ భాగం ఊపిరితిత్తుల్లోనే. ఆస్పత్రిలో చేరినవారికి పొట్ట మీద రోజూ హెపారిన్ ఇంజెక్షన్ ఇచ్చింది ఇందుకే.

ఇక డ్యూటీలో గంటలకొద్దీ కూర్చునే కుర్చీ సంగతి. పిక్క కండరం, ఇంటి మీది ట్యాంకుకు నీళ్లెక్కించే మోటారు లాంటిది. నడిచినప్పుడల్లా అది సిరలను పిండి రక్తాన్ని పైకి పంపుతుంది. గంటల తరబడి కదలకుండా కూర్చుంటే రక్తం కింద నిలిచిపోతుంది. 1940లో లండన్ మీద బాంబులు పడుతున్న రోజుల్లో, షెల్టర్లలో రాత్రంతా మడత కుర్చీల్లో కూర్చుని గడిపినవారిలో కొందరు ఇలాంటి గడ్డలతోనే చనిపోయారని కీత్ సింప్సన్ అనే డాక్టరు లాన్సెట్ పత్రికలో రాశారు. కుర్చీ అంచు తొడల కింద నొక్కుకోవడం ఒక కారణమని ఆయన అనుమానం. 2003లో న్యూజిలాండ్ డాక్టర్లు ఇలాంటి గడ్డే కట్టిన 32 ఏళ్ల యువకుడి కేసు ప్రచురించారు. అతను రోజుకు 12 గంటలు, ఒక్కోసారి 18 గంటలు కంప్యూటర్ ముందే ఉండేవాడు. ఈ రెండూ కోవిడ్‌కు ముందటి సంగతులు. అసలే చిక్కబడిన రక్తానికి ఈ కూర్చోవడం తోడైతే ఏమవుతుందో ఊహించుకోవచ్చు.

అందుకే కోవిడ్ తర్వాత మొదటి నెలలో వర్క్ ఫ్రమ్ హోమ్ ఇచ్చారని సంతోషించే ముందు కొంచెం ఆలోచించండి. ఆఫీసులో అయితే క్యాంటీన్‌కో, మీటింగ్ రూముకో నాలుగడుగులు వేస్తారు. ఇంట్లో మంచం మీద నుంచి ల్యాప్‌టాప్‌కు, ల్యాప్‌టాప్ నుంచి మంచానికి, అంతే. ఫోన్‌లో గంటకోసారి అలారం పెట్టుకుని లేచి ఐదు నిమిషాలు నడవండి. కాల్ మధ్యలో లేవలేకపోతే కూర్చున్నచోటే మడమలు, కాలివేళ్లు మార్చి మార్చి పైకెత్తండి. చీరల షాపుల్లో సేల్స్ పనివారికి, అపార్ట్‌మెంట్ వాచ్‌మన్లకు దీనికి విరుద్ధమైన ఇబ్బంది. గంటలకొద్దీ ఒకేచోట నిలబడినా రక్తం కాళ్లలోనే నిలుస్తుంది, వారూ అటూ ఇటూ నడవాలి. లారీ, క్యాబ్ డ్రైవర్లు రెండు గంటలకోసారి బండి ఆపి దిగాలి. మూత్రానికి ఆగాల్సి వస్తుందని నీళ్లు తాగడం మానేసే అలవాటు ఉంటే, ఈ నెల దాన్ని పక్కన పెట్టండి. హైదరాబాద్ నుంచి విశాఖకు రాత్రి బస్సు, అమెరికాకు విమానం లాంటివి వాయిదా వేసుకోగలిగితే మంచిది. గర్భనిరోధక మాత్రలు వాడుతున్నవారు, గర్భిణులు, బాలింతలు, క్యాన్సర్ చికిత్సలో ఉన్నవారు, ఇంతకుముందు గడ్డ కట్టినవారు డాక్టరును అడిగి గానీ ప్రయాణం పెట్టుకోకూడదు.

ప్రమాద సంకేతాలు అసలు తెలియకపోవడం ఒక తంటా, తెలిసినా వేరే పేరు పెట్టుకోవడం ఇంకో తంటా. కోవిడ్ నీరసం రోజురోజుకూ కొంచెం కొంచెం తగ్గుతుంది. నిన్న హాయిగా మెట్లెక్కినవాళ్లకు ఇవాళ ఉన్నట్టుండి ఆయాసం వస్తే దాన్ని నీరసం ఖాతాలో వేయకండి. గట్టిగా ఊపిరి పీల్చినప్పుడు ఛాతీలో పోటు వస్తే గ్యాస్ అనుకుంటారు. కారణం లేకుండా గుండె దడ వస్తే టెన్షన్ అంటారు. ఒక్క కాలే వాచి పిక్క నొప్పి పుడితే పట్టేసిందని నూనె రాసి మర్దన చేయిస్తారు. ఆ మర్దన వల్ల గడ్డ ఊడి పైకి పోయే ప్రమాదం ఉంది. కళ్లు తిరిగి పడిపోవడం, దగ్గితే రక్తం పడడం లాంటివైతే నిమిషం కూడా ఆగకూడదు. బైక్ వెనక కూర్చుని వెళ్లకండి, 108కి ఫోన్ చేయండి. ఆక్సిమీటర్‌లో 97 చూపిస్తోందని ఊరుకోవద్దు, గడ్డ ఉన్నా కొందరిలో అంకె బాగానే ఉంటుంది.

ఆస్పత్రికి వెళ్లాక ఒక మాట గుర్తుంచుకోండి. 2021లో ఊరూరా తీయించుకున్న హెచ్‌ఆర్‌సీటీ ఊపిరితిత్తుల వాపును చూపిస్తుంది గానీ, రక్తనాళంలో గడ్డను చూపించదు. గడ్డ కనబడాలంటే నరంలోకి మందు ఎక్కించి తీసే సీటీ పల్మనరీ యాంజియోగ్రామ్ కావాలి. డీ-డైమర్ అనే రక్తపరీక్షకూ హద్దులున్నాయి. మామూలుగా ఉంటే చాలావరకు ధైర్యం చెప్పొచ్చు గానీ, ఎక్కువగా ఉన్నంత మాత్రాన గడ్డ ఉన్నట్టు కాదు. ఇన్ఫెక్షన్‌లో, గర్భంలో, వయసు మీద పడ్డాక ఊరికే పెరుగుతుంది. లక్షణాలేమీ లేకుండా వారానికోసారి ఆ పరీక్ష చేయించుకోవడం డబ్బు దండగ. ముందుజాగ్రత్త అంటూ సొంతంగా ఆస్పిరిన్ మింగడం కూడా అంతే. ఇంట్లోనే ఉండి తగ్గించుకునే స్థాయి కోవిడ్‌లో ఆస్పిరిన్ గానీ, రక్తం పల్చబడే అపిక్సాబాన్ మాత్ర గానీ లాభం చూపలేదని 2021లో అమెరికాలో జరిగిన ప్రయోగం తేల్చింది.

గడ్డ ఉందని తేలితే రక్తం పల్చబడే మాత్రలు కనీసం మూడు నెలలు వాడాలి. పనికి వెళ్తూనే వాడొచ్చు గానీ కొన్ని జాగ్రత్తలున్నాయి. ఒళ్లు నొప్పులని మెడికల్ షాపులో డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ కొనకండి, రక్తస్రావం ముప్పు పెరుగుతుంది. జ్వరానికి, నొప్పికి పారాసిటమాల్ చాలు. వీధి చివర ఆర్‌ఎంపీ దగ్గర కండకు సూది వేయించుకోకండి, లోపల రక్తం కారి గడ్డలా ఉబ్బుతుంది. పన్ను పీకించుకోవాల్సి వస్తే ముందుగానే చెప్పండి. వార్ఫరిన్, ఎసిట్రోమ్ వాడేవారు చెప్పిన తేదీకి ఐఎన్ఆర్ పరీక్ష చేయించుకోవాలి. ఆకుకూరలు మానక్కర్లేదు, కానీ ఒక వారం రోజూ పాలకూర, మరో వారం అసలే లేకుండా తింటే మందు పనితీరు మారిపోతుంది. పరంజీ మీద, కరెంటు స్తంభాల మీద పనిచేసేవారు, కత్తులతో, కోత యంత్రాలతో పనిచేసేవారు ఆ మూడు నెలలు వేరే పని అడగాలి. తలకు దెబ్బ తగిలితే, రక్తం కనిపించకపోయినా, ఆస్పత్రికి వెళ్లాలి.

ఇలాంటి మార్పు నోటిమాటతో అడిగితే సూపర్‌వైజర్ నవ్వి వదిలేస్తారు. మెడికల్ సర్టిఫికెట్ మీద 'కోవిడ్ అనంతర నీరసం' అని కాకుండా జబ్బు పేరు, వాడుతున్న మందు, ఎన్నాళ్లు ఏ పని చేయకూడదో రాయించుకోండి. డిశ్చార్జ్ సమ్మరీ జిరాక్స్ జతచేసి హెచ్‌ఆర్‌కు ఈమెయిల్ పెట్టండి. ఈఎస్‌ఐ ఉన్నవారికి చందా రోజుల షరతు నెరవేరితే ఏడాదిలో 91 రోజుల దాకా జీతంలో 70 శాతం అనారోగ్య భత్యం వస్తుంది. దానికి ఈఎస్‌ఐ డాక్టరు సర్టిఫికెట్ కావాలి కాబట్టి ప్రైవేటు ఆస్పత్రిలో చేరినా కాగితాలతో డిస్పెన్సరీకి వెళ్లి రావాలి. పీఎఫ్ నుంచి వైద్యానికి తీసుకునే అడ్వాన్స్ తిరిగి కట్టక్కర్లేదు.

డబ్బు అయిపోయిందనో, బాగానే ఉందనో మాత్రలు మీ అంతట మీరు ఆపకండి. ఖరీదు భారమైతే తక్కువ ధర మందు రాయమని డాక్టరును అడగండి. మూడు నెలల చికిత్స తర్వాత కూడా బస్సు కోసం నాలుగడుగులు వేగంగా వేస్తే ఆయాసం వస్తోందంటే ఎకో పరీక్ష చేయించమనండి. కొద్దిమందిలో గడ్డ పూర్తిగా కరగక రక్తనాళంలో మచ్చలా మిగిలి గుండె మీద భారం పెంచుతుంది. ముందుగా పట్టుకుంటే దానికి ఆపరేషన్ ఉంది, మందులూ ఉన్నాయి.