కొండపల్లి అడవిలో తెల్ల పొణికి: విత్తనం, నారు పెంపకంపై ఒక పరిశీలన

విజయవాడకు వాయవ్యంగా ఉన్న కొండపల్లి గుట్టలను చూడవచ్చేవారు సాధారణంగా రెడ్డిరాజుల కాలం నాటి కోట వద్దనే ఆగిపోతారు. కోట వెనుక మైలవరం వైపు సాగే ఆకురాల్చు అడవిలోకి సమీప గ్రామాల వారు తప్ప అడుగుపెట్టేవారు అరుదు. ఇంటింటా బొమ్మల కొలువుకు చేరిన కొండపల్లి బొమ్మకు మూలం మాత్రం ఆ అడవే.

ఈ బొమ్మలకు వాడేది తెల్ల పొణికి కలప. శాస్త్రీయంగా జివోషియా మొలుక్కానాగా వ్యవహరించే ఈ వృక్షం ఆముదం కుటుంబానికి చెందినది. కలప తేలిక, మెత్తన. దానిని సన్నని సెగపై ఆరబెట్టి, అవయవాలను విడివిడిగా చెక్కి, చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతుకుతారు. గట్టి కలపలో ఈ పనితనం సాధ్యం కాదు. భౌగోళిక గుర్తింపు బొమ్మ పేరుకు రక్షణ కల్పించింది. చెట్టుకు అటువంటి రక్షణ ఏదీ దానివలన లభించలేదు.

నరికిన చోట మరల మొక్క ఎందుకు రావడం లేదన్నది అసలు ప్రశ్న. కారణాలలో రెండు విత్తనానికి సంబంధించినవి. మొదటిది, గింజ చుట్టూ ఉండే రాయివంటి పెంకు. దానివలన మొలక బహు ఆలస్యమవుతుంది, కొన్ని గింజలు అసలే మొలవవు. రెండవది అంతగా గమనింపబడనిది. ఈ జాతిలో ఆడ, మగ పుష్పాలు వేర్వేరు చెట్లపై పూస్తాయి. కావున ఒక గుట్టవాలులో మగచెట్లన్నీ గొడ్డలికి పోతే, మిగిలిన ఆడచెట్లు ఎంత ఏపుగా ఉన్నా విత్తనం ఆశించలేము. పూత సమయంలోనే చెట్లను గుర్తించి, రెండు రకాలూ దగ్గర దగ్గరగా మిగిలేటట్లు చూడడం నారుమడి కంటే ముందు జరగవలసిన పని.

రాలిన పక్వ ఫలాలను ఏరి, గుజ్జు తొలగించి, నీడలో ఆరబెట్టాలి. లోపలి పప్పు చెదరకుండా పెంకును మెల్లగా చిట్లగొట్టి పాలిథిన్ సంచులలో విత్తాలి. పిండ వర్ధనం ద్వారా మొక్కలు పొందవచ్చును గాని, అది ప్రయోగశాల పని. గ్రామ నర్సరీకి సుత్తి, ఓపిక చాలు.

ఈ గుట్టల వాననీటిలో కొంత బుడమేరులో కలుస్తుంది. 2024 సెప్టెంబరు ముంపు తరువాత, చెట్లు నాటితే వరద ఆగుతుందన్న మాట తరచు వినవస్తున్నది. అంతటి వానకు అది అతిశయోక్తి. వాలుకు అడ్డంగా కందకాలు తీసి నాటితే పైమట్టి కోత తగ్గుతుందనడం మాత్రం సమంజసం.

అడవి అంచు మామిడి తోటల గట్లపై కూడా దీనిని పెంచవచ్చు. మేకల నుండి, వేసవి నిప్పు నుండి లేత మొక్కలకు కాపు అవసరం. రైతు ముందుగా అడిగేది మాత్రం వేరు: పెరిగిన చెట్టును కొట్టి తరలించడానికి అనుమతి దొరుకుతుందా? దానికి వ్రాతపూర్వకమైన సమాధానం ఇవ్వకుండా మొక్కలు పంచడం నిష్ప్రయోజనం.