జేబులో ఇమిడిన వాద్యబృందం

ఒకప్పుడు మా మిరుదొడ్డిలో పాటల కార్యక్రమం అంటే డోలు, తాళాలు, హార్మోనియం మోసుకొని పదిమంది వచ్చేవారు. ఇప్పుడు గాయకుడొక్కడే వస్తున్నాడు. మిగతా బృందమంతా అతని జేబులోని ఫోనులో ఉంటుంది. ఇది మంచిదా, చెడ్డదా అని వాదించే ముందు, జేబులోని ఆ వస్తువేమిటో తెలుసుకోవటం విద్యార్థులమైన మనకు అవసరం.

సి.డి.లో ధ్వనిని సెకనుకు 44,100 సార్లు కొలిచి, ఒక్కో కొలతను 16 బిట్లలో రాస్తారు. రెండు చానళ్ళకు కలిపి సెకనుకు సుమారు 14 లక్షల బిట్లు. నాలుగు నిమిషాల పాటకు 42 మెగాబైట్లు. దీన్ని కుదించే ఎం.పి.3 పద్ధతి రూపకల్పనలో జర్మనీలోని ఫ్రాన్‌హోఫర్ సంస్థకు చెందిన కార్ల్‌హైంజ్ బ్రాండెన్‌బర్గ్, ఆయన సహచరులు ముఖ్యులు. ఆ ఫైళ్ళకు ఎం.పి.3 అన్న గుర్తు 1995లో ఖాయమైంది. 128 కిలోబిట్ల రేటున కుదిస్తే అదే పాట 4 మెగాబైట్ల లోపే!

మరి మిగతాదంతా ఏమైనట్టు? జాతరలో డోలు మోగుతుంటే పక్కవాడి గుసగుస వినబడదు గదా! అట్లా పెద్ద ధ్వని చాటున చెవికి అందని వివరాలను తగ్గించి రాస్తారు.

చిక్కంతా మన వాద్యాలతోనే. డప్పు దెబ్బ ఒక్కసారిగా పుట్టి ఆగిపోతుంది. కుదింపు మాత్రం ధ్వనిని ముక్కలు ముక్కలుగా తీసుకుంటుంది. రేటు తక్కువైతే, దెబ్బకు ముందే సన్నని చప్పుడు పరుచుకొని పదును చెడుతుంది. తాళాల్లోని పై ధ్వనులు కూడా నలుగుతాయి. చిన్న ఫోనులో తెలియని ఈ లోపం పెద్ద స్పీకర్లలో బయటపడుతుంది. కుదించినదాన్ని మళ్ళీ కుదిస్తే నష్టం మీద నష్టం. జిరాక్సుకు జిరాక్సు తీసినట్టే.

మొన్నటి బతుకమ్మ సంబరాల్లో ఇది స్వయంగా చూశాను. నాలుగు ఫోన్లు తిరిగి వచ్చిన ట్రాకులో తాళాలు నూనెలో ఆవాలు చిటపటలాడినట్టు వినిపించాయి. పాడే అమ్మాయి కంగారుపడి చరణం ఎత్తుకోవటం తప్పింది. ట్రాకు ఆగలేదు. డోలు వాయించే మనిషైతే ఆమె ముఖం చూసి, మరో దరువు తిప్పి అందుకొనేవాడు. ఫైలుకు కళ్ళు లేవు!

కనుక మిత్రులకు నా సూచనలు: అసలు వేవ్ ఫైలును దాచుకోండి. కుదించక తప్పకపోతే ఒక్కసారే, 320 కిలోబిట్ల రేటున కుదించండి. ఎం.పి.3లో పాట మొదట సెకనులో నలభయ్యో వంతు వరకు నిశ్శబ్దం చేరుతుంది. పూర్తి పాటకు ఫరవాలేదు గాని, చిన్న దరువును చక్రంలా తిప్పితే ప్రతిసారీ తడబడవచ్చు. దానికి వేవ్ ఫైలే వాడండి. ఫోనును ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టండి. రెండో ప్రతి వేరే పరికరంలో ఉంచండి. ముందుగా సభాస్థలి స్పీకర్ల మీదనే విని చూడండి.

ఈనాడు ఫోన్లలో జాగాకు కరువు లేదు. కరువల్లా వాద్యకారుల బత్తెంలోనే. వచ్చే వార్షికోత్సవంలో కీబోర్డు, వయొలిన్ ట్రాకులో ఉండనిద్దాం. దరువు మాత్రం మన ఊళ్ళ డప్పు కళాకారులను పిలిచి, వారి కూలి వారికిచ్చి, వేదిక మీదనే వేయిద్దాం. యూనియన్ మిత్రులు ఆలోచించగలరు.