షూనేమీయురాలి చిన్న గది

పాఠ్యభాగము: 2 రాజులు 4:8–17
తోడుగా చదువవలసినవి: యిర్మీయా 29:4–7, అపొస్తలుల కార్యములు 18:24–28, రోమీయులకు 16:1–2



కాలేజీలు తెరచు దినములలో భువనగిరి స్టేషనులో నిలిచినవారికి ఒక దృశ్యము కనబడును. తండ్రి భుజముమీద బియ్యపు మూట, తల్లి చేతిలో పచ్చడి సీసా, వారి నడుమ క్రొత్త సంచి తగిలించుకొన్న కుమారుడో కుమార్తెయో. బండి వచ్చును. బీబీనగరు, ఘట్‌కేసరు, మౌలాలి దాటి సికిందరాబాదు చేరును. దూరము సుమారు యాబది కిలోమీటర్లే. కొందరు ప్రతిదినము పోయి వత్తురు. తక్కినవారు అక్కడనే గది తీసికొని నిలిచిపోవుదురు. వారికి ఆ యాబది కిలోమీటర్లు పరదేశమంత దూరము.

ఈ నెల పాఠము రెండు తెగలవారి కొరకు వ్రాయుచున్నాను: పిల్లలను పంపువారి కొరకు, పిల్లలు వచ్చి చేరు వాడలలో కాపురముండువారి కొరకు. నేను ఈ ప్రాంతపువాడను. అయినను చాల సంవత్సరములుగా ఉస్మానియా విశ్వవిద్యాలయము ప్రక్కనున్న విద్యార్థుల వాడలో నివసించుచున్నాను.

1. ఆ వాడ ఎట్టిది?

ఉస్మానియా విశ్వవిద్యాలయము 1918లో నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాన్ కాలమున స్థాపింపబడెను. ఆర్ట్స్ కాలేజీ యను పెద్ద రాతి భవనము 1939 డిసెంబరు 4వ తేదీన ప్రారంభింపబడెను. 1948 వరకు అక్కడి బోధన ఉర్దూలో సాగెను. అందుచేత తెలుగు పల్లెనుండి పోయిన బిడ్డ చదువుతోపాటు భాషతోను పెనుగులాడవలసి వచ్చెను. ఆ కాలముననే, అనగా 1918లో, పల్లెలనుండి వచ్చు విద్యార్థులకు నిలువనీడ కావలెనని రాజబహదూరు వెంకటరామారెడ్డిగారు మొదలగువారు హైదరాబాదులో రెడ్డి హాస్టలు ఏర్పరచిరి. చదువు దొరికిన చోట తలదాచుకొను చోటుకూడ దొరకవలెనని పెద్దలు అప్పుడే గ్రహించిరి.

నేడు విశ్వవిద్యాలయము చుట్టును విద్యానగరు, అడిక్‌మెట్, నల్లకుంట, తార్నాక, హబ్సిగూడ, సీతాఫల్‌మండి మొదలగు వాడలున్నవి. రైలు నిలుచు స్థలములకు సైతము ఆర్ట్స్ కాలేజీ, జామియా ఉస్మానియా, విద్యానగరు అను పేర్లే. ఆ సందులలో ప్రతి రెండవ గేటునకు ‘గది అద్దెకు ఇవ్వబడును’ అను అట్ట వ్రేలాడుచుండును. ఒక గదిలో నలుగురు. క్రింద మెస్సు, ప్రక్కన జెరాక్స్ దుకాణము, మూలమీద ఇడ్లీబండి. అర్ధరాత్రివరకు టీకొట్టు మూతబడదు. ఉద్యోగ పరీక్షలకు చదువువారు తెల్లవారకమునుపే పుస్తకములతో గ్రంథాలయమునకు పోవుదురు. వాదములు, నవ్వులు, మోటారు సైకిళ్లు, పరీక్షాఫలితములు వచ్చిన రాత్రి కేకలు — ఇది నిద్రలేని వాడ. 1969లోను, మరల 2009 మొదలుకొనియు తెలంగాణ ఉద్యమము ఈ విద్యార్థుల మధ్యనే రగిలెను. 2014 జూన్ 2న రాష్ట్రము ఏర్పడెను. మన జిల్లాల పిల్లలు అనేకులు ఆ ఊరేగింపులలో నడచిరి.

అటువంటి చోట కాపురముండుట కష్టమని నేను చాలకాలము సణుగుకొంటిని. నా సణుగుడు ఎక్కడ తప్పిపోయెనో చెప్పుట అవసరము.

2. నేను చేసిన తప్పు

మా గోడకు ఆనుకొనియున్న యింటిలో కొందరు విద్యార్థులుండిరి. వారు రాత్రి బిగ్గరగా మాటలాడిన రెండుసార్లు నేను పోయి గద్దించితిని. వారిలో ఒకడు మాత్రము నెమ్మదివాడు. అతని సద్దు ఎన్నడును మాకు వినబడలేదు. “మంచి పిల్లవాడు” అని నా భార్యతో అంటిని. అంతటితో అతని విషయము మరచితిని.

ఒక దసరా సెలవులలో తక్కిన పిల్లలందరు ఇండ్లకు పోయిరి. పరీక్ష దగ్గరపడెనని ఇతడు నిలిచిపోయెను. మెస్సు మూసివేసిరి. అతనికి జ్వరము వచ్చెను. ఐదు దినములు బిస్కత్తులు, నీళ్లు. ఇంట చెప్పిన కంగారుపడుదురని ఫోనులో “బాగనే ఉన్న” అనెను. పరీక్ష వ్రాయలేకపోయెను. తరువాత పెట్టె సర్దుకొని ఇంటికి పోయి మరల చదువునకు రాలేదు. గోడకు ఇవతల మేము పండుగ సెలవులు గదా యని హాయిగా నిద్రపోతిమి. వాడ నిశ్శబ్దముగా నున్నదని దేవునికి స్తోత్రము కూడ చెప్పితిమి!

కొన్ని నెలలకు భువనగిరి దగ్గర ఒక పల్లెలో పెండ్లికి పోయితిని. అక్కడ ఒక తల్లి నన్ను గుర్తుపట్టి దగ్గరకు వచ్చెను. “అన్నా, మా పిలగాడు మీ ఇంటి పక్కపొంటనే ఉండె గద. నీకు ఎన్నడు కండ్లబడలేదా?” అని అడిగెను. ఆమె నింద మోపలేదు. నిజముగా తెలిసికొనుటకే అడిగెను. నేను ప్రతి ఆదివారము సంఘములో ముందువరుసలో కూర్చుండువాడను. ఆ ప్రశ్నకు నాయొద్ద జవాబు లేకపోయెను.

3. షూనేమీయురాలు ఏమి చేసెను?

ఆ రాత్రి ఇంటికి వచ్చి చదివిన భాగమే నేటి పాఠము. ఎలీషా షూనేము మార్గమున మాటిమాటికి పోవుచుండెను. అక్కడ ఘనురాలైన యొక స్త్రీ యుండెను. ఆమె చేసినవి వరుసగా చూడుడి.

మొదట ఆమె అతని ఆకలి చూచెను. అతడు ప్రవక్త యని చెప్పుకొనకమునుపే ఆమె అతనిని బలవంతము చేసి అన్నము పెట్టెను. అతడెవడో, ఎట్టివాడో ఆమె గ్రహించినది ఆ పిమ్మటనే. మనము దీనిని తలక్రిందులు చేయుదుము. పిల్లవాడు ఏ ఊరివాడు, ఏ కులమువాడు, ఏ సంఘమువాడు, ఎట్టి నడతగలవాడు అని ముందు విచారించి, అన్నీ సరిపడిన తరువాత టీ ఇత్తుము.

పిమ్మట ఆమె తన భర్తతో ఆలోచన చేసెను. అతిథిసేవ ఒక్కరి ఉత్సాహముతో నిలువదు; ఇల్లంతయు దానికి ఒప్పుకొనవలెను.

తరువాత ఒక చిన్న గది కట్టించి నాలుగు వస్తువులుంచెను: మంచము, బల్ల, పీట, దీపస్తంభము. ఈ నాలుగింటిని చూచిన నాకు ఆశ్చర్యము కలిగెను. విద్యార్థి గదికి కావలసినవి నేటికిని ఇవియే గదా!

మంచము విశ్రాంతికి గుర్తు. అద్దెకు ఇచ్చు క్రైస్తవుడు గాలి, నీరు, భద్రముగల గదిని న్యాయమైన అద్దెకు ఇయ్యవలెను. నలుగురు పట్టు గదిలో ఎనమండుగురిని ఇరికించి, ఆ సొమ్ములో దశమభాగము తెచ్చి కానుకపెట్టెలో వేసిన దేవుడు సంతోషించునా?

బల్ల పుస్తకమునకును భోజనమునకును గుర్తు. పరీక్షల దినములలో మన యింటి టెలివిజను సద్దు తగ్గించుట కూడ పరిచర్యయే. పిల్లల అల్లరిని గద్దించు మనము మన పెండ్లిండ్ల లౌడుస్పీకరును జ్ఞాపకముంచుకొనవలెను.

పీట కూర్చుండి మాటలాడుటకు గుర్తు. దీనికి ఖర్చు లేదు, కాని ఇది ఇచ్చువారు తక్కువ. “ఏమి మార్కులు వచ్చినవి?” అని అడుగువారు పదిమంది, “తిన్నావా బిడ్డా? నిద్రపోయినావా?” అని అడుగువారు ఒక్కరు దొరకుట అరిది.

దీపము వెలుగునకు గుర్తు. దీపము అరవదు, ఉన్నచోట వెలుగును. పిల్లవాని మంచము, బల్ల, పీట చూడకుండ దీపము మాత్రమే పట్టుకొని పోయిన అది అతని కండ్లకు గుచ్చుకొనును.

ఇంకొక మాట గమనింపుడి. ఎలీషా ఆమె మేలుకు బదులు ఏమి చేయవలెనని అడిగి, రాజుతోనైనను సేనాధిపతితోనైనను మాటలాడెదననెను. ఆమె, తాను తన స్వజనుల మధ్య కాపురమున్నదాననని చెప్పి ఏమియు కోరలేదు. తన స్వజనుల మధ్యనున్న ఆ స్త్రీ, స్వజనులు లేక దారిన పోవువానిని కనిపెట్టెను. ఇదియే ఈ పాఠములోని ప్రధాన సత్యము. వాడలో ఎంత సందడియున్నను, తన పేరు పెట్టి పిలుచువారు లేనివాడు ఒంటరివాడే. సందడి విద్యార్థికి కీడు కాదు. సందడిలో ఎవరికిని కనబడకపోవుటయే కీడు.

4. చదువుకొన్నవారితో మాటలాడుటకు భయపడవద్దు

“వారు పెద్ద చదువులవారు, ప్రశ్నలు వేయుదురు, మేమేమి చెప్పగలము?” అని కొందరందురు. అపొల్లో అలెక్సంద్రియవాడు, విద్వాంసుడు. అకుల ప్రిస్కిల్లలు డేరాలు కుట్టి బ్రదుకువారు. అపొల్లో బోధలో కొరత యున్నదని కనిపెట్టి వారు నలుగురిలో అతనిని అవమానపరచలేదు. తమయొద్దకు చేర్చుకొని మార్గమును మరింత పూర్తిగా వివరించిరి. విద్యార్థుల సందేహములకు కోపపడువారు వారిని పోగొట్టుకొందురు. ఇంటికి పిలిచి నెమ్మదిగా వినువారు సంపాదించుకొందురు. తెలియనిది తెలియదని ఒప్పుకొనుటకు సిగ్గుపడరాదు.

పట్టణము పిల్లలను చెరుపునను భయము కూడ అనేకులకు కలదు. భయమునకు కారణములు లేకపోలేదు. త్రాగుడు, జూదము, అప్పులు అక్కడ నున్నవి. కాని మన పల్లెలలోను అవి లేవా? యిర్మీయా చెరలోనున్నవారికి వ్రాయుచు, ఆ పట్టణమునుండి పారిపొండని చెప్పలేదు. అక్కడ ఇండ్లు కట్టుకొని, దాని క్షేమము కొరకు ప్రార్థింపుడని ఆజ్ఞాపించెను. తార్సువాడైన సౌలు సైతము యెరూషలేములో గమలీయేలు పాదములయొద్ద చదువుకొనినవాడే.

5. పంపువారు చేయవలసినది

పౌలు ఫీబేను గూర్చి రోమా సంఘమునకు వ్రాసిన మాటలు చూడుడి. ఆమెను చేర్చుకొని, ఆమెకు కావలసిన సహాయము చేయవలెనని కోరెను. ఆడబిడ్డలను దూరము పంపుటకు జంకు తలిదండ్రులు ఈ మాట ధ్యానింపవలెను. ఫీబే కెంక్రేయనుండి వచ్చిన స్త్రీ. పౌలు ఆమెను ఉత్తరముతో అప్పగించెను.

మన పల్లె సంఘమునుండి బిడ్డ చదువునకు పోవునప్పుడు బియ్యపు మూట కట్టుదుము. ఉత్తరము వ్రాయుదుమా? అయ్యగారు ఆ వాడలోని సంఘమునకు నాలుగు పంక్తులు వ్రాసిన చాలును, లేక ఫోను చేసిన చాలును. ఆదివారము ఆరాధనలో ఆ బిడ్డల పేర్లు చదివి ప్రార్థింపవలెను. అన్నిటికంటె ముఖ్యముగా, పరీక్ష తప్పినవాడు తిరిగి వచ్చినప్పుడు ఇంటి వాకిలియు మందిరపు వాకిలియు సిగ్గులేకుండ ప్రవేశించునట్లు తెరచియుంచవలెను. నా పొరుగునున్న ఆ బిడ్డ “బాగనే ఉన్న” అని ఎందుకు చెప్పెను? జ్వరమును గూర్చిన భయము చేతనా, మనలను గూర్చిన భయము చేతనా?

6. ఇప్పుడు వారు మన గడపకు వచ్చుచున్నారు

పూర్వము మన పిల్లలు మాత్రమే బయటికి పోయిరి. కాలము మారినది. నల్లగొండలో మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయము 2007లోను, మహబూబునగరులో పాలమూరు విశ్వవిద్యాలయము 2008లోను ఏర్పడెను. మన బీబీనగరులోని ఎయిమ్స్‌లో 2019లో వైద్యవిద్య ప్రారంభమాయెను. ఇతర రాష్ట్రముల పిల్లలు, మన భాష రానివారు, మన వీధులలో గదులు వెదకుకొనుచున్నారు. ఎక్కడో ఒక తల్లి తన బిడ్డను రైలెక్కించి, మనవైపు చూచుచు కన్నీరు తుడుచుకొనుచున్నది. ఇప్పుడు షూనేము మన ఊరే.

మా యింట ఇప్పుడు ఆదివారము మధ్యాహ్నము ఇద్దరు ముగ్గురికి ఎక్కువగా అన్నము వండుదుము. కొందరు వత్తురు, కొందరు రారు. ఒకడు రెండేండ్లు భోజనము చేసి, ఒక్కనాడైనను మందిరమునకు రాలేదు. అయినను అతనికి ఆ పళ్లెము ఉండెను. రాత్రి సందడి తగ్గలేదు. అయితే ఆ స్వరములు ఎవరెవరివో ఇప్పుడు మాకు తెలియును. ఒక స్వరము రెండు దినములు వినబడనియెడల పోయి తలుపు తట్టుదుము. ఆ నెమ్మదివాడు పోగొట్టుకొన్న సంవత్సరమును నేను తిరిగి ఇయ్యలేను. ఇంకొకని తలుపు తట్టగలను.

సంఘ కూడికలో ఆలోచించుటకు ప్రశ్నలు

1. మన సంఘమునుండి చదువునకు పోయిన బిడ్డలెందరు? వారి పేర్లు, వారు ఉండు చోట్లు సంఘపెద్దలకు తెలియునా?
2. షూనేమీయురాలు ఉంచిన నాలుగు వస్తువులలో మన యింట ఏది కొరతగా నున్నది?
3. మన ఊరిలో గది తీసికొని చదువుకొను పరాయి బిడ్డలున్నారా? ఈ నెలలో వారిలో ఒక్కరినైనను భోజనమునకు పిలువగలమా?
4. పరీక్ష తప్పిన బిడ్డతో మనము మొదట పలుకవలసిన మాట ఏది?

ప్రార్థనాంశము: దూరమున గదులలోనున్న మన కుమారులు, కుమార్తెల కొరకును, వారి గోడ కివతల నివసించువారి కన్నులు తెరవబడునట్లును ప్రార్థింపుడి. ఆమేన్.