గంట చూసి రాయి, అమ్మణ్ణీ

గుడియాత్తం,
2025 జులై 22.

చిరంజీవి భార్గవికి తాత ఆశీస్సులు.

నీ ఉత్తరం శనివారం చేరింది. మీ అవ్వకు మూడుసార్లు చదివి వినిపించాను. మూడుసార్లూ చివరి నాలుగు పంక్తులు మింగేశాను. ఒంటరిగా విమానం నడిపిన రోజు, దిగేటప్పుడు ఎగిరిపడి రెక్క కొన నేలకు రాసుకుందనీ, ఎవరూ చూడలేదనీ, సీనియర్లు పుస్తకంలో ఎక్కించొద్దన్నారనీ, అందరూ నవ్వుకున్నారనీ రాశావే, ఆ నాలుగు. ఫోన్ చేస్తే "ఏం లేదు తాతా" అని పెట్టేశావు. అందుకే కాగితం తీశాను. మాట మధ్యలో కాగితాన్ని పెట్టేయలేవు కదా.

ముందు ఇది చెప్పు, నీకు దెబ్బేమీ తగల్లేదు కదా? మెడ, నడుము? అదురుపాటులో తెలియదు, మూడో రోజుకు పట్టేస్తుంది. డాక్టరుకు చూపించుకో.

విమానాల సంగతి ఈ ముసలాడికేం తెలుసంటావు. ముప్పై రెండేళ్ళు గూడ్సు బండి వెనక బ్రేక్ వ్యానులో కూర్చున్నవాణ్ణి. బండికి ఏదైనా జరిగితే గార్డు చేయాల్సిన పని నిద్రలో లేపి అడిగినా చెబుతాను. వెనక్కి నడిచి 600 మీటర్ల దగ్గర పట్టా మీద ఒక డిటోనేటరు, 1200 మీటర్ల దగ్గర పదేసి మీటర్ల ఎడంతో మూడు. బండిలో ఏమైందో చూడాలని ప్రాణం కొట్టుకుంటుంది. అయినా వెనక వచ్చే బండిని ఆపడమే ముందు. నీ పనీ అదే. అక్కడికే వస్తున్నాను.

ఎదురింటి కుర్రాడి చేత 2017 నాటి విమాన ప్రమాదాల విచారణ నిబంధనలు ప్రింటు తీయించి, భూతద్దం పెట్టి చదివాను. ప్రమాదం జరిగితే చెప్పాల్సిన మొదటి మనిషి విమానం నడిపిన కమాండరు. వీలైనంత తొందరగా, ఎట్టి పరిస్థితిలోనూ 24 గంటలు దాటకుండా విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏకీ, ప్రమాదాల విచారణ సంస్థ ఏఏఐబీకీ తెలపాలి. మన గడ్డ మీద పడితే కలెక్టరుకూ, దగ్గరి పోలీసు స్టేషనుకూ కబురు పోవాలి. కమాండరు చెప్పలేని స్థితిలో ఉంటే ఆ బాధ్యత యజమాని మీద, నడిపించే సంస్థ మీద పడుతుంది. 2009 సెప్టెంబరు 2న రాజశేఖరరెడ్డి గారి హెలికాప్టరు నల్లమలలో పడినప్పుడు అందులో ఐదుగురుంటే కబురు చెప్పడానికి ఒక్కరూ మిగల్లేదు. మర్నాడు పొద్దున గానీ ఆ చోటు దొరకలేదు. ఆ రాత్రి మన వీధిలో ఎవరూ టీవీ ఆపలేదు. నీకప్పుడు ఆరేళ్ళు, నా ఒళ్ళోనే నిద్రపోయావు.

ఒంటరిగా ఎగిరినప్పుడు నువ్వే కమాండరువి తల్లీ. ఇంకా నేర్చుకుంటున్న పిల్లనే అంటే ఆ నిమిషంలో చెల్లదు.

రెక్క కొన గీరుకుంటే ప్రమాదం కిందికి రాదంటావేమో. నిజమే, మనిషికి ఏమీ కాక, దెబ్బ రెక్క కొనతోనో, చక్రంతోనో, చిన్న సొట్టతోనో ఆగిపోతే దాన్ని ప్రమాదంగా లెక్కించరు. మనిషి పోతే ప్రమాదం. ఆ దెబ్బతోనే నెల రోజుల లోపల పోయినా ప్రమాదమే. వారం లోపల ఆస్పత్రిలో చేరి 48 గంటలకు మించి ఉండాల్సి వస్తే అది తీవ్రమైన గాయం. అంటే మన వేలూరు సీఎంసీలో రెండు రాత్రులు దాటితే లెక్కలోకి వచ్చినట్టే. ప్రమాదం కాని దాన్ని ఇన్సిడెంట్ అంటారు, దాన్నీ తెలపాల్సిందే. ఏ గడిలో పెట్టాలో విచారణ చేసేవాళ్ళు చూసుకుంటారు. గడి ఎంచుకునే పని నీది కాదు, నీ సీనియర్లది అసలే కాదు.

నిజంగా పెద్దదే జరిగితే, దేవుడా జరగకూడదు, ముందు మనుషుల్ని దించి దూరంగా నడిపించాలి. తర్వాత శకలాన్ని ముట్టకూడదు. మనుషుల్ని బయటికి తీయడానికో, మంట ఆపడానికో తప్ప ఒక్క రేకును కూడా జరపకూడదు. 2021 డిసెంబరు 8న కూనూరు దగ్గర జనరల్ రావత్ హెలికాప్టరు పడినప్పుడు చుట్టుపక్కలవాళ్ళు దుప్పట్లు పట్టుకుని మంటల వైపు పరిగెత్తారు. అది వాయుసేనది, దాని విచారణ దారి వేరు. కానీ దుప్పటి తెచ్చినవాడు గొప్పవాడు, గుర్తుగా ఉంచుకుందామని ముక్క ఏరుకుపోయేవాడు దొంగ. ఇది ఎక్కడైనా ఒకటే. ఆ హెలికాప్టరులో పోయిన సాయితేజ మదనపల్లె వైపు పిల్లాడే. మీ అవ్వ రెండు రోజులు సరిగా అన్నం తినలేదు.

అన్నట్టు, తింటున్నావా? మురుకులు, నిప్పట్లు పంపుతున్నాం. అందరికీ పంచి నువ్వు డబ్బా అడుగున మిగిలిన పొడి తినకు.

ఇప్పుడు అసలు మాట. గంట. ఏం జరిగినా ముందు గడియారం చూడు. చూసిన గంట రాయి. ఫోనులో కాదు, చార్జింగు అయిపోతుంది. చేతికి ముళ్ళ గడియారం కట్టుకో, జేబులో చిన్న నోటుబుక్కు పెట్టుకో. పెన్సిలు వాడు, వానలో పెన్ను పారుతుంది. ఊహించి రాయకు. ఈ మాట మీ నాన్నకు లక్షసార్లు చెప్పాను, ఎందుకో మాత్రం చెప్పలేదు.

1978. మేల్పట్టి, పచ్చకుప్పం మధ్య నడిరాత్రి. కప్లింగు తెగి బండి రెండైంది. ఇంజను ముందు సగంతో పోయింది. మా సగం జారుకుంటూ పోయి లెవెల్ క్రాసింగు గేటుకు అవతల ఆగింది. నేను డిటోనేటర్లు పెట్టాను, దీపం ఊపాను, అన్నీ సరిగా చేశాను. కుదుపు వచ్చిన క్షణంలో గడియారం మాత్రం చూడలేదు. తర్వాత అందాజుగా రెండూ ఇరవై అని రాశాను. బండి తన గేటు దాటింది రెండూ ఇరవై ఐదుకని గేట్‌మన్ రాసుకున్నాడు. అంటే బండి గేటుకు ముందే తెగిందన్నమాట. మరి టెయిల్ ల్యాంపు లేకుండా ముందు సగం పోతుంటే నువ్వెందుకు చూడలేదని ఎంక్వైరీలో అతన్ని నిలదీశారు. అతని తప్పు ఏమీ లేదు. బండి తెగింది గేటు దాటాకనే. చివరికి డ్రైవరు చెప్పిన గంటతో తేలింది. కానీ రెండు రోజులు ఆ మనిషి వరండాలో చేతులు కట్టుకుని నిలబడ్డాడు. నేను బెంచీ మీద కూర్చుని ఉన్నాను. "నాది అందాజు లెక్క" అనడానికి నాకు రెండు రోజులు పట్టింది.

పెద్ద విమానాల్లో రెండు రికార్డర్లుంటాయి, ఒకటి మాటలు పడుతుంది, ఒకటి విమానం తీరు పడుతుంది. మాటలు పట్టేదాంట్లో చాలా విమానాల్లో చివరి రెండు గంటలే మిగులుతాయట. దిగాక కరెంటు తీయకపోతే కొత్త మాటలు పాతవాటిని చెరిపేస్తాయి. అంత యంత్రానికే ఒక మనిషి గుర్తుపెట్టుకుని ఆపాలి. నువ్వు నేర్చుకునే చిన్న విమానాల్లో మామూలుగా ఆ పెట్టెలు కూడా ఉండవు. ఉండేది నీ జ్ఞాపకం, నీ నోటుబుక్కు.

చెబితే లైసెన్సు పోతుందని భయపడుతున్నావు, నాకు తెలుసు. విచారణ ఉద్దేశం మళ్ళీ జరక్కుండా చూడటమే గానీ తప్పు ఎవరి మీదో మోపడం కాదని ఆ నిబంధనల్లోనే ఉంది, ప్రపంచమంతా ఒప్పుకున్న అనెక్స్ 13లోనూ ఉంది. జనం అలా చూడరు, అది వేరే సంగతి. జూన్ 12న అహ్మదాబాదులో విమానం కూలి 260 మంది పోయారు. ఈ నెల 12న తొలి నివేదిక వచ్చింది. అది తొలిదేనని దాని పేరులోనే ఉంది. మన టీ కొట్టు బెంచీ మీద ఒక్క గ్లాసు చల్లారే లోపల తీర్పు అయిపోయింది. నేను లేచి వచ్చేశాను. వరండాలో గేట్‌మన్ గుర్తొచ్చాడు.

2022 ఫిబ్రవరి 26న నల్లగొండ జిల్లా తుంగతుర్తి దగ్గర పొలంలో శిక్షణ విమానం కూలి మన తమిళనాడు పిల్ల ఒకతె పోయింది. ఆ పేపరు మీ అవ్వ కంటపడకుండా దాచాను. అక్కడ కారణం ఏదో నేను చెప్పను, నాకు ఆ అర్హత లేదు. కానీ నీ విమానం రెక్కలో పైకి కనబడని పగులు ఉంటే? రేపు దాన్ని ఎక్కేది ఇంకో ఇంటి బిడ్డ. నువ్వు దాచేది నీ తప్పును కాదు, ఆ పిల్లకు దక్కాల్సిన హెచ్చరికను. నీ వెనక వచ్చే బండి ఆ పిల్లే.

వేలూరు దగ్గర అబ్దుల్లాపురం మైదానం కంచె పట్టుకుని, నా భుజాల మీద నుంచి విమానం కోసం చూసిన పిల్లవి నువ్వు. నిన్ను తిట్టడానికి చేయి రావడం లేదు.

24 గంటలు ఎప్పుడో దాటిపోయాయి. ఆలస్యం ఒక తప్పు, అసలు చెప్పకపోవడం రెండో తప్పు. రెండోది చేయకు. ఈ ఉత్తరం అందిన రోజే నీ ఇన్‌స్ట్రక్టరుకు కాగితం మీద రాసివ్వు. ఏ విమానం, ఏ రోజు, గాలి ఎటు నుంచి, ఏ రెక్క, నువ్వేం చేశావు. గంట గుర్తుంటే రాయి. లేకపోతే "గుర్తు లేదు" అని రాయి, అందాజు వేయకు. ఒక నకలు నీ దగ్గర పెట్టుకో. ఎవరైనా నవ్వితే నవ్వనీ. నన్ను రమ్మంటే కాట్పాడిలో రైలెక్కి వచ్చేస్తాను.

ఆడి గాలికి పెరట్లో మునగచెట్టు కొమ్మ విరిగింది. మీ అవ్వ దీపం పెట్టి నీ కోసం మొక్కుకుంటోంది. ఎందుకో దానికి చెప్పలేదు, నువ్వు రాసిచ్చాక చెబుతాను.

ఇట్లు,
తాత.
రాత్రి 9 గంటల 42 నిమిషాలు. గడియారం చూసే రాశాను.