కొత్తగా సంఘ పెద్దలైనవారికి

ఎదుటి మనిషిలో దేవుణ్ణి చూడలేని భక్తి ఎంత పెద్దగా పాడినా గుడి కప్పు దాటిపోదు. మీ పదవికి పనికొస్తాయని నాకు తెలిసిన ఐదు మాటలు రాస్తున్నాను.

1. మత్తయి సువార్త 25వ అధ్యాయం మళ్లీ చదవండి. తీర్పునాడు ప్రభువు అడిగేది ఆకలిగొన్నవాడి గురించి, బట్టలేనివాడి గురించి, రోగి గురించి, పరదేశి గురించి, చెరసాలలో ఉన్నవాడి గురించి. కానుకల లెక్క ఊసే లేదు. మేలు చేసినవాళ్లకు కూడా తాము ప్రభువుకే చేశామని అప్పటిదాకా తెలియదు. అందుకే, బీదల్లో దేవుణ్ణి చూస్తున్నామని ఫ్లెక్సీలు కట్టించుకునేవాళ్లంటే నాకు అనుమానం.

2. కుర్చీల సంగతి చూడండి. బంగారు ఉంగరం పెట్టుకొచ్చినవాడికి మంచి చోటు, మాసిన బట్టలవాడికి కాళ్ల దగ్గర చోటు చూపే సంఘాన్ని యాకోబు తన పత్రిక 2వ అధ్యాయంలో కడిగేశాడు. ఇప్పుడు ఉంగరం బదులు కారు వచ్చింది. ముందు వరుసలో తెల్లగుడ్డ తొడిగిన కుర్చీలు ఎమ్మెల్యేగారి కోసం ఖాళీగా ఉంటాయి. తెల్లవారకముందే గుడి ఊడ్చి, చాపలు పరిచిన అమ్మ మాత్రం చెప్పుల దగ్గర కూర్చుని వాక్యం వింటుంది. లోపలికి పిలవమంటే, "ఆమెకు అక్కడే అలవాటండీ" అంటారు. అలవాటు చేసిందెవరు?

3. పరిశుద్ధత అంటే దూరం జరగడం కాదు. కుష్ఠు రోగులను ఊరి బయట ఉంచే రోజుల్లో, 1915లో, ఇసబెల్ కెర్ అనే స్కాట్లాండ్ డాక్టరమ్మ నిజామాబాద్ దగ్గర డిచ్‌పల్లిలో వాళ్ల కోసం ఆసుపత్రి పెట్టింది. దానికి పెద్ద మొత్తం ఇచ్చిన దాత నర్సాగౌడ్ హిందువు. దేవుడి పోలిక మన సభ్యత్వ రిజిస్టరులో ఉన్నవాళ్లకే అని ఎక్కడా రాయలేదు.

4. కులం. కంటికి కనబడే సహోదరుణ్ణి ప్రేమించనివాడు కనబడని దేవుణ్ణి ప్రేమించలేడని యోహాను రాశాడు. మనం బల్ల దగ్గర ఒకే రొట్టె తింటాం, పెళ్లి మాటలొస్తే మాలా, మాదిగా అని వాకబు చేస్తాం. దీనికి సర్దిచెప్పే మాట నా దగ్గర లేదు.

5. కొరింథు సంఘంలో కలిగినవాళ్లు ముందే తినేసి, లేనివాళ్లను పస్తు పెట్టినందుకు పౌలు మండిపడ్డాడు. కాబట్టి ఈ క్రిస్మస్ ప్రేమవిందులో వడ్డన మీరే చేయండి. ఆఖరి బంతిలో, మిగిలినదే తినండి.