గుమ్మమునొద్ద నిలిచిపోయినవారు

వాక్యపఠనము: మార్కు 2:1–12, 2 సమూయేలు 9, లూకా 14:12–24



కపెర్నహూములో ప్రభువు ఇంట నున్నాడని విని జనులు వాకిట సైతము చోటులేనంతగా కూడిరి. పక్షవాయువుగల యొకనిని నలుగురు మోసికొని వచ్చిరి గాని లోనికి దారి దొరకలేదు. ఇంటికప్పు విప్పి అతనిని దింపవలసివచ్చెను. ఆ నలుగురి విశ్వాసమును గూర్చి మనము అనేక ప్రసంగములు వినియున్నాము. వాకిట నిలిచినవారిని గూర్చి ఎన్నడైనను ఆలోచించితిమా? వారు దుర్మార్గులు కారు; వాక్యము వినవచ్చినవారే. అయినను వారి వీపులే ఆ రోగికి గోడయైనవి.

1. అడ్డు ఎక్కడ నున్నది?

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతములలో వికలాంగులు లేని ఊరు లేదు. చిన్ననాడు పోలియో సోకి కాలు చచ్చుపడినవారు, షుగరు వ్యాధిచే పాదము పోగొట్టుకొనినవారు, గల్ఫులో పనిచేయుచు గాయపడి తిరిగివచ్చినవారు, మరమగ్గముల చప్పుడులో వినికిడి తగ్గినవారు మన నడుమ నున్నారు. అట్టివాడు ఆరాధనకు రాకుండినయెడల, అతని భక్తి చల్లారినదని మనము సులభముగా అందుము. అతని నాపినది చల్లారిన భక్తి కాదు, మూడు మెట్లు కావచ్చును. అందమునకై పరచిన నున్నని గ్రానైటు వాన తడికి జారును. ఊతకర్ర పట్టినవానికి అది భయము. పుట్టు గ్రుడ్డివానిని చూచి ఎవరు పాపము చేసిరని శిష్యులు అడిగినప్పుడు, ప్రభువు ఆ తలంపునే త్రోసివేసెను (యోహాను 9:1–3). తప్పు అతనియందు వెదకక మన గుమ్మమునందు వెదకుదము.

2. రాజు బల్లయొద్ద చోటు

మెఫీబోషెతు అయిదేండ్లవాడై యుండగా దాది చేతినుండి పడి కుంటివాడాయెను. దావీదు అతనికి లోదెబారునకు భోజనము పంపి ఊరకుండలేదు. పిలిపించి, రాజకుమారులలో ఒకనివలె తన బల్లయొద్ద కూర్చుండబెట్టెను. మన కమ్యూనిటీ హాలులో పెండ్లి విందు జరుగునప్పుడు, మెట్లెక్కలేనివానికి బయటికే విస్తరి పంపుట ప్రేమయే గాని, పంక్తిలో చోటిచ్చుట కాదు. ప్రభువు బల్ల విషయములోను అంతే. రాలేనివారు కూర్చున్న చోటికే రొట్టెయు ద్రాక్షారసమును తీసికొనిపోవలెను.

3. స్వస్థతకు ముందే

శృంగారమను ద్వారమునొద్ద కుంటివానిని దినదినము కూర్చుండబెట్టుచుండిరి, స్వస్థత పొందిన తరువాతనే అతడు దేవాలయములోనికి వెళ్లెను (అపొ. కార్యములు 3). మనము స్వస్థతకై ప్రార్థింతము. దానిని ప్రవేశమునకు షరతుగా పెట్టకూడదు. అతడున్నవాడున్నట్టుగానే లోనికి రావలెను. వాక్యము చదువుటకును, పాట ఎత్తుటకును, లెక్కలు వ్రాయుటకును పిలువబడవలెను.

4. చేయదగిన పనులు

అడుగు ఎత్తునకు పండ్రెండు అడుగుల పొడవుగల ఏటవాలు దారి, అనగా ర్యాంపు, కావలెను. ఆరేసి అంగుళముల మెట్లు మూడున్నచో పదునెనిమిది అడుగులు పట్టును. అంతకంటె నిటారుగా కట్టిన ర్యాంపుపై చక్రాల కుర్చీ ఎక్కించుట కష్టము, దింపుట అపాయము. గరుకు నేల, ఇరుప్రక్కల పట్టుకొను కడ్డీ, మూడడుగుల వెడల్పు ద్వారము, ఒక కమోడు మరుగుదొడ్డి ఉండవలెను. కుర్చీకి చోటు చివరను గాక వరుసల నడుమ విడువవలెను. చెవిటివారికొరకు ప్రసంగీకుని ముఖముపై వెలుగు పడవలెను. అధ్యాయ సంఖ్యలు పలకపై వ్రాయవలెను. అంధుని చేయి పట్టి లాగక, మన మోచేయి అతడు పట్టుకొననీయవలెను. మేస్త్రిని పిలుచుటకు ముందు ఆ వికలాంగులనే పిలిచి అడుగవలెను.

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము ప్రజలు వచ్చిపోవు భవనములలో మత సంబంధమైనవాటిని కూడ చేర్చినది. చట్టము లేకున్నను, గ్రుడ్డివాని యెదుట అడ్డము వేయకూడదను ఆజ్ఞ లేవీయకాండము 19:14లో ఎప్పుడో ఇయ్యబడెను.

మోసిన నలుగురు ధన్యులు. అయితే ప్రతి ఆదివారము నలుగురిని బ్రతిమాలి మోయించుకొనుట ఎవరికిని సులభము కాదు. ర్యాంపు బ్రతిమాలించుకొనదు.

ఆలోచించుడి: మన సంఘములో రాకుండ నిలిచిపోయినవారెవరు? ఈ నెలలో వారి ఇంటికి వెళ్లి అడుగువారెవరు?

తన మందిరమునకు వచ్చువారెవరును కప్పు విప్పవలసిన అవసరము లేకుండ ప్రభువు మన గుమ్మములను సరాళము చేయునుగాక. ఆమేన్.